చెంపల కింద నీడ

ఆ ఉదయం ఆకాశం పాత పరుపు విప్పి దులిపినట్టుంది. మబ్బు ఎక్కడికక్కడ ఉండలు కట్టి, ఎండో వానో తేల్చుకోలేక ఇళ్ళ మీద వేలాడుతోంది. అలాంటి వెలుతురులో రంగు గుడ్డ కత్తిరించకూడదు. నీలం నలుపులా కనబడి మోసం చేస్తుంది. కత్తెరమ్మకు ఆ సంగతి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు కాబట్టి గుడ్డ జోలికి పోకుండా, వంటింట్లో అత్తగారికి జావ కాస్తూ నిలబడింది.

ఇంటి ముందుగదే వాళ్ళ సోఫాల కొట్టు. చట్రం బిగించి, స్పాంజి వేసి, మేకులు కొట్టేది మేస్త్రి. గుడ్డ కోసి కుట్టేది ఆయన భార్య. గుడ్డ కోస్తుంది కాబట్టే తనను కత్తెరమ్మ అంటారని ఆమె నమ్మకం. ఆమె మాటలు ఒకసారి విన్నవాళ్ళకు ఆ పేరు వెనక ఇంకో కారణం కూడా తోస్తుంది.

గరిట తిప్పుతూ ఆమె తలుపు సందులోంచి చూసింది. కుళాయి పక్క అద్దం ముందు భర్త నిలబడి ఉన్నాడు. రెండు వేళ్ళు కళ్ళ కింద ఆనించి చెంపలను పైకి లాగాడు. ముక్కు పక్కనుంచి మూతి దాకా దిగిన గాడి మాయమైంది. వదిలాడు. గాడి మళ్ళీ దిగింది. మళ్ళీ లాగాడు.

"పంటినొప్పా?" అంది.

ఆయన ఉలిక్కిపడి చేతులు దించేశాడు. "లేదు. గడ్డం గరుగ్గా ఉందేమోనని."

"గడ్డం కిందుంటుంది. మీరు కళ్ళ కింద వెతుకుతున్నారు."

"నీ జావ అడుగంటుతోంది చూడు," అని ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

జావ అడుగంటలేదు. అడుగంటుతున్నది ఆమె కడుపులో ఇంకొకటి. నెల రోజులుగా చూస్తూనే ఉంది. పెళ్ళినాటి నుంచి ఉన్న మీసం ఒక ఆదివారం ఉన్నట్టుండి మాయమైంది. అడిగితే పాతబడింది అన్నాడు, మీసం ఏదో మంచం నవారైనట్టు. మేకుల డబ్బా వెనక ఏదో క్రీము గొట్టం కనబడింది. పక్కకు తిరిగి గుర్రుపెట్టే మనిషి ఇప్పుడు వెల్లకిలా, కొయ్యబొమ్మలా పడుకుంటున్నాడు. పక్కకు పడుకుంటే ముఖం నలుగుతుందట. ఆ మాట ఎవరు చెప్పారో మాత్రం చెప్పడు. యాభై ఆరేళ్ళ మగవాడికి తన ముఖం ఇవాళ కొత్తగా ఎందుకు గుర్తొచ్చినట్టు?

జావ గిన్నె పట్టుకుని వెనకగదికి వెళ్ళేసరికి ఆయన చెయ్యి చాపాడు. "ఇవాళ నేను పెడతాను."

"పెట్టండి. ఎవరు వద్దన్నారు?"

ఆ గది ఎప్పుడూ చీకటే. కిటికీకి అడ్డంగా నిలువెత్తు బీరువా ఉంది. మంచానికి సరిగ్గా నడినెత్తిన ఒక దీపం పగలూ రాత్రీ వెలుగుతుంటుంది. అత్తగారికి మతిమరుపు జబ్బు వచ్చి మూడేళ్ళయింది. మాటలు ఒక్కొక్కటే రాలిపోయి ఇప్పుడు నాలుగైదు మిగిలాయి. గోడమీద మామగారి ఫోటో, పాతికేళ్ళ వయసుది, నిండు చెంపలతో నవ్వుతూ ఉంటుంది. కత్తెరమ్మ కాపురానికి రాకముందే ఆయన పోయాడు.

మేస్త్రి మంచం పక్కన నిలబడి వంగి, చెంచా చాపాడు. ముసలావిడ కళ్ళెత్తి చూసింది. చూసిన మరుక్షణం మోచెయ్యి తలకు అడ్డం పెట్టుకుని గోడవైపు ముడుచుకుపోయింది.

"అమ్మా, నేనే," అన్నాడాయన. మోచెయ్యి ఇంకాస్త బిగుసుకుంది.

"మీరు అటు జరగండి," అని కత్తెరమ్మ గిన్నె లాక్కుంది. "మీరుంటే ఆవిడ తినదు. రోజూ చూస్తున్నాంగా. మగాళ్ళకు ఓపిక ఉంటేగా." ఆమె మంచం అంచున కూర్చోగానే ముసలావిడ చెయ్యి దించి, "అమ్మా," అని పిట్టపిల్లలా నోరు తెరిచింది. కోడలిని కన్నతల్లి అనుకుంటుంది పాపం. అలా పిలిచిన ప్రతిసారీ కత్తెరమ్మకు లోపల ఎక్కడో పండగలా ఉంటుంది. పాతికేళ్ళపాటు 'నీ కుట్టు వంకర, నీ నడక వంకర' అన్న నోరే అది మరి.

"నీ చేతి మహిమ," అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి. ఆమె దాన్ని మెచ్చుకోలు అనుకుంది.

పది గంటలకు మబ్బు విడి, కత్తెరమ్మ గుడ్డ పరిచేసరికి పూలకొట్టావిడ వచ్చింది. ఆవిడ కొట్టులో వేసే పొడుగు సోఫా వీళ్ళ దగ్గర తయారవుతోంది, ముదురుపచ్చ మఖమల్ గుడ్డతో. ఆవిడకు కూడా యాభై దాటాయంటారు. చెంపలు మాత్రం ఇప్పుడే నీళ్ళు చల్లిన పూలలా ఉంటాయి.

"మీసం తీసేశాక మేస్త్రిగారు పదేళ్ళు తగ్గారు," అందావిడ కూర్చుంటూనే. "ఏం కత్తెరమ్మా, నిజమా కాదా?"

"నాకు లెక్కలు రావండీ. గజాలు కొలవడమే వచ్చు."

ఆవిడ నవ్వి, మేస్త్రి పక్కకు వెళ్ళి స్పాంజి నొక్కి చూసింది. గొంతు తగ్గించింది. కానీ గుడ్డ కోసేవాళ్ళకు చెవులు కూడా పదునే. "వెళ్ళారా మరి?"

"గురువారం రమ్మన్నారు."

"నా పేరు చెప్పండి. బాగా చూస్తారు. భయపడకండి, చీమ కుట్టినంతే."

కత్తెరమ్మ చేతిలో కత్తెర కసుక్కున కదిలింది. ఒకసారి కాదు, పొడుగునా. ఆవిడ వెళ్ళిపోయాక మేస్త్రి ఆ ముక్క ఎత్తి, పక్క ముక్క మీద పెట్టి చూశాడు. మఖమల్‌కు ఒక వాలు ఉంటుంది. నిమిరితే ఒకవైపు నునుపు, రెండోవైపు గరుకు. ముక్కలన్నీ ఒకే వాలుగా కోయకపోతే ఒకే తానులోని గుడ్డ రెండు రంగులుగా కనబడుతుంది. ఆ ముక్క పక్కదానికంటే నల్లగా, వేరే ఊరినుంచి వచ్చినట్టుంది.

"వాలు తిరగబడింది," అన్నాడాయన. "ముప్ఫై ఏళ్ళలో నీ చేతిలో ఇది జరగలేదు. ఏమైంది నీకు?"

"నాకేం కాలేదు. ఈ ఇంట్లో తిరగబడింది గుడ్డొక్కటేనా?"

ఆయన టేపు మెడలో వేసుకుని మేకుల దగ్గరికి పోయాడు. మాట్లాడాల్సిన చోట సుత్తి పట్టుకోవడం ఆయనకు మొదటినుంచీ అలవాటు.

ఆ మధ్యాహ్నం చొక్కా ఉతకబోతే జేబులో చీటీ దొరికింది. దళసరి కాగితం, మీద బంగారు గీతతో సగం ముఖం బొమ్మ. ముఖ సౌందర్య చికిత్సాలయం, గురువారం పదకొండు గంటలు. ఆమె చీటీని మళ్ళీ జేబులోనే పెట్టి, ఆ చొక్కా ఉతక్కుండా కొక్కానికి తగిలించింది.

తర్వాత ఆమె కూడా ఆ కుళాయి పక్క అద్దం ముందుకు వెళ్ళింది. కళ్ళ కింద సంచులు, మెడ మీద ముడతలు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళానికి చూపించుకోవడానికి ఏ మగవాడూ ముఖం కొత్తగా కుట్టించుకోడు. ఈ ముఖం ఇలా వాలిపోతుంటే ఒక్కనాడైనా చూశాడా? 'నీకూ ఏదైనా చేయిద్దామా' అన్నాడా? ఎవరి చెంపలు చూసి ఈయనకు తన చెంపలు గుర్తొచ్చాయో చెప్పడానికి జోస్యుడు అక్కర్లేదు. అద్దంలోని మనిషికి కోపం వచ్చినట్టు లేదు. ఏడుపు వచ్చినట్టుంది. అందుకని ఆమె అద్దం మీద తువ్వాలు కప్పేసింది.

గురువారం పొద్దున ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "స్పాంజి కొట్టుకు వెళ్ళొస్తాను."

"వెళ్ళండి. మెత్తటిది చూసి తెచ్చుకోండి."

ఆయన వీధి మలుపు తిరగ్గానే పక్కింటి పంతులమ్మను అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, చెప్పులు వేసుకుంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. పూలకొట్టావిడ పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఇద్దరూ ఒకే నవ్వు నవ్వుతుంటారు. అప్పుడు ముందు ఆవిడను అనాలా, ఈయనను అనాలా అన్నదొక్కటే తేలలేదు.

ఆ చికిత్సాలయం రెండో అంతస్తులో ఉంది. వసారాలో తెల్ల సోఫాలు. చూపుకు బాగున్నాయి గానీ కింద పట్టీలు వదులయ్యాయి, కూర్చుంటే మనిషి దిగబడతాడు. పూలకొట్టావిడ లేదు. మేస్త్రి ఎక్కడని అడిగితే బల్ల దగ్గరి పిల్ల తల ఎత్తి, "మేస్త్రిగారి ఇంటావిడా? మిమ్మల్ని కూడా తీసుకురమ్మని ఆయనకు ముందే చెప్పామండీ, మీకు కుదరదన్నారు. వెళ్ళండి, ఇప్పుడే లోపలికి వెళ్ళారు," అంది.

కూర్చుకున్న మాటల్లో సగం అక్కడే జారిపోయాయి.

లోపల నెరిసిన జుట్టుకు రంగైనా వేయని డాక్టరమ్మ, ఎదురుగా చిన్న అద్దం పట్టుకుని మేస్త్రి ఉన్నారు. భార్యను చూడగానే ఆయన అద్దం బోర్లా పెట్టేశాడు.

"స్పాంజి ఇక్కడ అమ్ముతారని నాకు తెలీదు," అంది కత్తెరమ్మ.

"నువ్వా? అమ్మ దగ్గరెవరున్నారు?"

"అమ్మ గుర్తుందన్నమాట. సంతోషం. డాక్టరమ్మా, మీరు కానివ్వండి. నేనూ వింటాను. ఈ ముఖం ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, ఏం మారుస్తారో నాకూ తెలియాలి కదా."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీ చూపించింది. ఇలాంటివి చాలా చూసిన మనిషిలా ఉంది. "వయసు వస్తే చెంప లోపలి కొవ్వు తగ్గుతుందమ్మా. కింది ఎముక కూడా కొంచెం అరుగుతుంది. పైనున్నదంతా కిందికి జారి, కళ్ళ కింద గుంట, ముక్కు పక్క గాడి పడతాయి. దానికి దారులు కొన్ని ఉన్నాయి. సూదితో చిక్కటి మందు లోపలికి ఎక్కించి నింపొచ్చు. ఏడాదో, ఏడాదిన్నరో ఉంటుంది. మీ పొట్టలో కొవ్వే తీసి ఎక్కించొచ్చు. కొంత నిలుస్తుంది, కొంత కరిగిపోతుంది. దారాలు వేసి పైకి లాగొచ్చు, అది ఎక్కువకాలం నిలవదు. కోసి పైకి ఎత్తి కుట్టడం ఆఖరిది."

"అంటే," అన్నాడు మేస్త్రి మెల్లగా, "స్పాంజి నింపడం ఒకటి. కింద పట్టీ బిగించడం ఒకటి."

"నాకంటే మీరే బాగా చెప్పారు."

"పట్టీ వదులైనప్పుడు పైన స్పాంజి కుక్కితే సోఫా ఉబ్బినట్టుంటుంది."

"ముఖం కూడా అంతే. అందులో మగవాళ్ళది ఇంకా జాగ్రత్త. ఆడవాళ్ళకు నింపినట్టు చెంప ఎముక మీద ఎత్తుగా నింపితే ముఖం ముఖంలా ఉండదు. కొంచెమే, లోతుగా వేయాలి. ఒక్కోసారి వాపు, కమిలిపోవడం ఉంటాయి. చాలా అరుదుగా మందు రక్తనాళంలోకి పోతే చూపుకే ప్రమాదం. అన్నీ చెప్పాకే చెయ్యి వేస్తాను."

చూపు అన్న మాట వినగానే కత్తెరమ్మకు ఒళ్ళు మండింది. "కళ్ళు పోయినా పర్వాలేదా మీకు? అంత అందం ఎవరికోసమండీ? ఆవిడ పేరు నన్ను చెప్పమంటారా, మీరే చెబుతారా?"

"ఏ ఆవిడ?"

"చీమ కుట్టినంతే అని ధైర్యం చెప్పిన ఆవిడ."

డాక్టరమ్మే బల్ల మీదినుంచి ఒక చిన్న ఫోటో తీసి ఆమె ముందుకు జరిపింది. "అందరూ పెళ్ళినాటి ఫోటో తెచ్చి ఇలా చేయండి అంటారమ్మా. ఇలా మాత్రం ఉండకూడదు అని ఫోటో తెచ్చింది మీ ఆయనొక్కరే. ఎందుకో నాకూ ఇంకా చెప్పలేదు."

ఏదో కర్మాగారం గుర్తింపు కార్డుకు అతికించిన ఫోటో. గుంటలు పడ్డ చెంపలు, మూతి దాకా దిగిన గాడి, మీసం. మేస్త్రే. కానీ ఒంటిమీది చొక్కా ఆమె ఎన్నడూ ఎరగనిది.

"ఈ చొక్కా ఎప్పటిది?"

"అది నేను కాదు," అన్నాడాయన. "నాన్న."

గోడమీది నిండు చెంపల కుర్రవాడు ఆమెకు గుర్తొచ్చాడు. ఆ ఫోటో చూసి ఈ పోలిక ఎవరూ పట్టలేరు.

"ఆయన పని దిగి వచ్చేసరికి చీకటి పడేది," మేస్త్రి తన అరచేతులకేసి చూస్తూ చెప్పాడు. "గుమ్మంలో చెప్పుల చప్పుడు వినబడగానే అమ్మ మోచెయ్యి పైకి లేచేది. ఆయన కొట్టినా లేచేది, కొట్టకపోయినా లేచేది. ఇప్పుడు నేను జావ తీసుకెళ్తే లేస్తోంది. మీసం తీసేశాను, లాభం లేదు. పూలకొట్టావిడ ఈ డాక్టరమ్మ గురించి చెబితే అడిగాను. అంతే."

"ముప్ఫై ఏళ్ళు నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది." ఫోటో తన వైపు లాక్కున్నాడు. "ఇంకోటి కూడా ఉంది. నిన్ను చూస్తే నాకు కుళ్ళు."

"నన్నా?"

"నువ్వు పెడితే తింటుంది. నిన్ను అమ్మా అంటుంది. నాకు ఊహ తెలిశాక ఆవిడ చెయ్యెత్తి కాపాడుకుంది తనను కాదు, తన వెనకున్న నన్ను. ఆ మనిషికి నేను ఒక్క ముద్ద పెట్టలేకపోతున్నాను. పెట్టబోతే 'మీరు అటు జరగండి' అంటావు నువ్వు. రోజూ అంటావు. నవ్వుతూ అంటావు."

ఎన్ని పొద్దులు అన్నదో కత్తెరమ్మ ఆ మాట. అన్న ప్రతిసారీ లోపల ఎంత తియ్యగా ఉండేదో కూడా గుర్తొచ్చింది. తనకు లేని సవతిని వెతుక్కుంటూ ఇంత దూరం నడిచొచ్చింది. ఇంట్లో మాత్రం ఆయనకు తానే సవతిలా కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎవరి కోసమో ఆమెకే తెలియలేదు.

డాక్టరమ్మ గొంతు సవరించుకుని కంప్యూటరు తెర ఇటు తిప్పింది. "ఒక మాట నిజం చెప్పాలి మేస్త్రిగారూ. నేనేం చేసినా మీరు బాగా నిద్రపోయి లేచిన మనిషిలా ఉంటారు. వేరే మనిషి కారు. అమ్మగారు పోల్చుకుంటారని, భయపడరని నేను మాట ఇవ్వలేను. చూడండి, ఇందాక తీసిన ఫోటోలు."

తెరమీద రెండు ముఖాలు. ఒకటి గుంటలతో, గాడితో, అచ్చం కార్డులోని మనిషి. రెండోది ఆమె రోజూ ఎరిగిన మేస్త్రి, అలసటగా, మెత్తగా.

కత్తెరమ్మ కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరిగింది. "రెండూ ఇవాళ్టివేనా?"

"ఒకే నిమిషంలో తీసినవి. ఇది దీపం పైనుంచి వేసి తీసింది. నీడలు పడితే గుంట ఎంత ఉందో తెలుస్తుంది. ఇది ఎదురుగా వేసి తీసింది."

"వాలు," అంది కత్తెరమ్మ.

"ఏమిటి?"

ఆమె డాక్టరమ్మను చూడటం లేదు. "ఏవండీ, ఒకే తాను. వెలుతురు పడే తీరు వేరు, అంతే. అత్తయ్య మంచం దగ్గర దీపం ఎక్కడుంది?"

మేస్త్రి తెరకేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచాడు.

"ఆలోచించుకుని రండి," అంది డాక్టరమ్మ. "నా సూది ఎక్కడికీ పోదు."

ఆ సాయంత్రం ఇద్దరూ బీరువా జరిపారు. దాని వెనక పాతికేళ్ళ దుమ్ము, ఒక కుట్టుసూది, తెరుచుకోవడం మరిచిపోయిన కిటికీ దొరికాయి. నడినెత్తి దీపం తీసేసి, కొట్టులో కుట్లు చూసుకునే చిన్న దీపాన్ని కిటికీ పక్క తక్కువ ఎత్తులో పెట్టారు. మేస్త్రి ఒక పొట్టి పీట చేశాడు, మంచం కంటే జానెడు తక్కువ. వాలు తిరగబడిన పచ్చ మఖమల్ ముక్కనే దాని మీద వేసి కుట్టింది కత్తెరమ్మ.

"పూలకొట్టావిడకు కొత్త గుడ్డ మనమే తేవాలి," అన్నాడు.

"తెద్దాం. ఆవిడకు ఒక క్షమాపణ కూడా బాకీ ఉన్నాను, మనసులోనే తిట్టాను కాబట్టి మనసులోనే చెప్పుకుంటాను."

మొదటి రోజు ముసలావిడ మోచెయ్యి లేచింది. రెండో రోజూ లేచింది. 'అమ్మా నేనే' అనగానే ఇంకా ఎత్తుకు లేచింది. ఆ రాత్రంతా కత్తెరమ్మ ఆ గొంతు గురించి ఆలోచించింది. ముఖం మామగారిదైనప్పుడు గొంతు మాత్రం ఎవరిదై ఉంటుంది?

మూడో రోజు పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కిటికీలోంచి ఎండ నేరుగా వచ్చి పీట మీద కూర్చున్న మేస్త్రి ముఖం మీద పడింది. గుంటల్లో నీడ లేదు. కత్తెరమ్మ తమ ఇద్దరి పళ్ళేలు కూడా అక్కడికే తెచ్చి నేలమీద కూర్చుంది. మేస్త్రి చెంచా ఎత్తి ఏదో అనబోతుంటే వేలు మూతి మీద పెట్టి వద్దంది.

ముసలావిడ తల వంచి కిందికి చూసింది. మోచెయ్యి సగం లేచింది. అక్కడే ఆగింది. ఎప్పుడూ పైనుంచి వంగే ముఖం ఇవాళ కిందినుంచి తనను చూస్తోంది. చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"ఎవరబ్బాయివి నాయనా?" అంది.

మేస్త్రి చెంచా దించాడు. ముసలావిడ గిన్నెలో తనే వేళ్ళు ముంచి, కాస్త జావ తీసి, వణికే చేత్తో ఆయన నోటికి అందించింది. చెంప మీద కొంత పడింది. ఆయన తుడుచుకోలేదు. తర్వాత ఆయన చెంచా చాపితే ఆవిడ నోరు తెరిచింది.

ఒక చెంచా తర్వాత ఇంకొకటి. ముసలావిడ కోడలివైపు ఒక్కసారి కూడా తిరగలేదు. కత్తెరమ్మకు కడుపులో ఎక్కడో చిన్నగా, పాత చోటే, చురుక్కుమంది. తన పళ్ళెంలోంచి ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకుని, దాంతోపాటు అదీ మింగింది. ముగ్గురూ తిన్నారు, ఎవరూ మాట్లాడకుండా, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా.